ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో తలచిన ఫలితాన్ని సాధించిన పోరాటాలు కొన్ని. ఫలితం చేతికందకపోయినా, ప్రజల ధైర్యానికి గీటురాళ్లుగా నిలిచిపోయినవి మరికొన్ని. చీరాల–పేరాల ఉద్యమం ఈ రెండవ కోవకు చెందినది. 1921వ సంవత్సరంలో పదమూడు వేలకు పైగా ప్రజలు అన్యాయమని తోచిన పన్నును చెల్లించడానికి నిరాకరించి, పుట్టి పెరిగిన ఇండ్లు విడిచి, ఊరి పొలిమేరలు దాటి తాటాకు పాకలలో తలదాచుకొన్నారు. వారిలో ఎక్కువమంది రెక్కాడితే గాని డొక్కాడని చేనేత కార్మికులు. వారిని నడిపించినవారు స్కాట్లండు దేశంలో అర్థశాస్త్రం అభ్యసించి వచ్చిన పండితుడు, రసికుడు, రామభక్తుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన జీవించింది 39 సంవత్సరాలు మాత్రమే. అందులోనూ ఆయన పేరును చిరస్మరణీయం చేసినది ప్రధానంగా ఆ ఒక్క సంవత్సరమే.

బాల్యం – విద్యాభ్యాసం

గోపాలకృష్ణయ్య 1889 జూన్ 2వ తేదీన నాటి కృష్ణాజిల్లాలోని పెనుగంచిప్రోలు గ్రామంలో జన్మించారు. తల్లి సీతమ్మ, తండ్రి కోదండరామస్వామి. బిడ్డ పుట్టిన మూడవ నాడే తల్లి కన్నుమూసింది. మూడేండ్ల ప్రాయంలో తండ్రి కూడ గతించాడు. తల్లిదండ్రుల లాలన ఎరుగని ఆ పిల్లవానిని పినతండ్రి, నాయనమ్మ చేరదీసి పెంచారు.

ఉన్నత పాఠశాల విద్య గుంటూరులో సాగింది. పాఠ్యగ్రంథాల కంటె సంగీత సాహిత్యాల మీద, నాటకాల మీద గోపాలకృష్ణయ్యకు మక్కువ ఎక్కువ. గంభీరమైన కంఠస్వరం, సమయానికి తగిన మాట అప్పటికప్పుడు అల్లగల చాతుర్యం ఆయనకు సహజంగా అబ్బిన విద్యలు. విద్యార్థి దశలోనే జాతీయ నాట్యమండలి అనే సంస్థను నెలకొల్పి, తోటివారిని కూడగట్టి సంగీత నాటక ప్రదర్శనలు ఇప్పించారు. అవి వందేమాతరం ఉద్యమం దేశమంతటా అలముకొన్న రోజులు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించి తన ఉపన్యాసాలతో యువకులను ఉర్రూతలూగించారు. అప్పటికి గోపాలకృష్ణయ్యకు పద్దెనిమిదవ ఏడు.

చదువు ముగిసిన పిమ్మట ఆయన కొంతకాలం బాపట్ల తాలూకా కచేరీలో ఉద్యోగం చేశారు. ఆనాటి తాలూకా కచేరీ అంటే సామాన్య రైతుకు సర్కారు ముఖం కనిపించే చోటు. శిస్తు కట్టడానికైనా, కట్టలేమని మొరపెట్టుకోవడానికైనా అర్జీ చేతబట్టుకొని ఆ అరుగుల మీదనే పడిగాపులు పడాలి. పదేండ్ల తరువాత గోపాలకృష్ణయ్యను నాయకునిగా వరించిన చీరాల ఆ బాపట్ల తాలూకాలోనిదే కావడం విశేషం. ఉన్నత విద్యపై ఆకాంక్ష మెండుగా ఉన్న యువకుణ్ణి ఆ కొలువు ఎంతోకాలం పట్టి నిలుపలేకపోయింది.

స్కాట్లండులో విద్యార్థి జీవితం

1911లో గోపాలకృష్ణయ్య తన ఆప్తమిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి సముద్రయానం చేసి స్కాట్లండు రాజధాని అయిన ఎడింబరో చేరుకొన్నారు. పదహారవ శతాబ్దిలో వెలసిన అక్కడి విశ్వవిద్యాలయం వైద్యానికి, తత్త్వశాస్త్రానికి, అర్థశాస్త్రానికి పేరుపొందినది. ఆ విద్యాలయంలో ఆయన అర్థశాస్త్రం ప్రధానాంశంగా ఎం.ఏ. పట్టం పొందారు. ఆయన పరదేశంలో ఉండగానే, 1913 మే నెలలో, ఆయన ఒకప్పుడు కొలువు చేసిన బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగింది. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఆలోచన ఆ సభలో బలంగా వినిపించింది.

1914 ఆగస్టులో ప్రథమ ప్రపంచయుద్ధం ఆరంభమైంది. మరుసటి సంవత్సరం, అనగా 1915, స్కాట్లండు చరిత్రలో మరపురానిది. ఆ ఏడు మే 22వ తేదీన గ్రెట్నా సమీపాన క్వింటిన్స్‌హిల్ వద్ద రైళ్లు ఢీకొని మంటలు చెలరేగగా, యుద్ధరంగానికి బయలుదేరిన సైనికులు రెండు వందల మందికి పైగా మరణించారు. వారు ఎడింబరోను ఆనుకొని ఉన్న లీత్ రేవుపట్టణానికి చెందిన పటాలంవారు. రెండు రోజుల తరువాత వారి అంతిమయాత్ర లీత్ వీధుల గుండా సాగినప్పుడు ఊరు ఊరంతా శోకసముద్రంలో మునిగిపోయింది.

అదే సంవత్సరం గ్లాస్గో నగరంలో మరొక సంఘటన జరిగింది. యుద్ధం మూలంగా నౌకానిర్మాణ కర్మాగారాలకు, ఆయుధశాలలకు వేలాది కార్మికులు తరలివచ్చారు. వసతి దొరకడం కష్టమైనది. ఇదే అదనుగా ఇంటి యజమానులు అద్దెలు పెంచివేశారు. ఇంటి మగవారు యుద్ధభూమిలోనో, కర్మాగారంలోనో ఉండగా, ఆ భారం ఆడవారి మీద పడింది. మేరీ బార్బర్ మొదలైన మహిళల నాయకత్వాన ఆ గృహిణులు పెంచిన అద్దె చెల్లించబోమని ఒక్కమాటపై నిలిచారు. ఇల్లు ఖాళీ చేయించడానికి అధికారులు వస్తే గంటలు మోగించి వీధివారినందరినీ పిలుచుకొని, గుమ్మానికి అడ్డంగా నిలబడేవారు. నవంబరు నాటికి అద్దె చెల్లించని కుటుంబాలు సుమారు 20 వేలకు చేరాయి. నవంబరు 17వ తేదీన కొందరిని న్యాయస్థానానికి ఈడ్చినప్పుడు కార్మికులు పనులు విడిచి వేల సంఖ్యలో ఊరేగింపుగా తరలివచ్చారు. ప్రభుత్వం దిగివచ్చింది. అద్దెలు యుద్ధారంభకాలంలో ఉన్నంత మాత్రమే ఉండాలని డిసెంబరులో శాసనం చేసింది.

ఎడింబరోకు డెబ్బై కిలోమీటర్ల దూరంలో, ఒక అర్థశాస్త్ర విద్యార్థి చదువుకొనే రోజులలో జరిగిన సంఘటన ఇది. అన్యాయమైన సొమ్ము చెల్లించబోమని సామాన్య ప్రజలు ఒక్కటై నిలిస్తే ఎంతటి ప్రభుత్వమైనా ఆలోచనలో పడవలసిందే అనడానికి అది నిదర్శనం. ఆరేండ్లకు చీరాలలోనూ అటువంటి పరీక్షే ఎదురైంది. అయితే అక్కడి పరిస్థితులు వేరు, ఫలితమూ వేరు.

అర్థశాస్త్రం చదివినా గోపాలకృష్ణయ్య మనస్సు భారతీయ కళలను విడువలేదు. సుప్రసిద్ధ కళావిమర్శకుడు ఆనంద కుమారస్వామితో ఆయనకు ఏర్పడిన సాహచర్యం ఒక గొప్ప గ్రంథానికి కారణమైనది. నందికేశ్వరుని అభినయదర్పణం నాట్యంలో హస్తముద్రలను, దృష్టిభేదాలను, శిరోభేదాలను వివరించే సంస్కృత లక్షణగ్రంథం. తెలుగు లిపిలో అచ్చయిన ప్రతి ఆధారంగా వారిద్దరూ కలిసి దానిని ఆంగ్లంలోకి అనువదించారు. ఆ అనువాదం 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా వెలువడింది. దేవాలయ మండపాలలో, భాగవతుల మేళాలలో నిలిచి ఉన్న నాట్యవిద్యకు శాస్త్రగౌరవం ఉన్నదని పాశ్చాత్య పాఠకులకు చాటిన తొలి గ్రంథాలలో అది ఒకటి.

ఉద్యోగం నుండి ఉద్యమానికి

స్వదేశానికి తిరిగివచ్చిన పిదప గోపాలకృష్ణయ్య రాజమహేంద్రవరంలోను, బందరులోను అధ్యాపకులుగా పనిచేశారు. ఆయన స్వతంత్ర ప్రకృతి. మనస్సుకు తోచినది మొగమాటం లేకుండా చెప్పివేయడం ఆయన స్వభావం. పైవారి అదుపాజ్ఞలు, సంస్థల కట్టుబాట్లు ఆయనకు సరిపడలేదు. ఎక్కడ చేరినా అభిప్రాయభేదాలు తలెత్తేవి. విదేశీ పట్టంతో కోరుకొంటే లభించే పెద్ద ఉద్యోగాన్ని ఆశ్రయించక, 1920లో మహాత్మాగాంధీ సహాయనిరాకరణ శంఖం పూరించేసరికి ఆయన కాంగ్రెసు ఉద్యమంలో అడుగుపెట్టారు.

ఆయన చీరాలను తన కార్యక్షేత్రంగా ఎంచుకొన్నారు. అక్కడ ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అనే సంస్థను స్థాపించారు. చదువుకు నోచుకోని పెద్దలకు విద్య చెప్పడం, సంగీత సాహిత్యాలతో ప్రజలలో దేశాభిమానం రేకెత్తించడం దాని ఆశయాలు. ఉపన్యాసం విని తలయూపి వెళ్లిపోయే ప్రజలు భజన వింటే నిలబడిపోతారని, నిలబడినవారు ఆలోచిస్తారని ఆయన గుర్తించారు.

ఆ భావన నుండి పుట్టినదే రామదండు. శ్రీరాముడు లంకపై దండెత్తినప్పుడు వెంట నడిచిన వానరసేన ఆ పేరుకు స్ఫూర్తి. కాషాయ వస్త్రాలు ధరించి, రామనామం జపిస్తూ, పాటలు పాడుతూ సాగే ఈ స్వచ్ఛంద సేవకులు సుమారు వేయిమంది. సభలలో క్రమశిక్షణ పాటింపజేయడం, తిరునాళ్లలో, ఉత్సవాలలో ప్రజలకు సేవ చేయడం వారి విధులు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశాలు జరిగాయి. గాంధీజీని దర్శించడానికి ఆంధ్రదేశం నలుమూలల నుండి జనం వెల్లువలా తరలివచ్చారు. అంతటి జనసమ్మర్దాన్ని లాఠీ అవసరం లేకుండా రామదండు అదుపులో ఉంచిన తీరు దేశ నాయకుల ప్రశంసలను అందుకొంది.

చీరాల–పేరాల సమస్య

చీరాల, పేరాల సముద్రతీరానికి చేరువలో ఒకదానినొకటి ఆనుకొని ఉన్న గ్రామాలు. చీరాల రుమాళ్లు సముద్రాలు దాటి అరబ్బు, ఆఫ్రికా దేశాలకు ఎగుమతి అయ్యేవి. ఆ బట్టకు దేశాంతరాలలో ఎంత గిరాకీ ఉన్నా, నేసిన చేతికి దక్కేది మాత్రం స్వల్పం. 1919 వరకు ఈ రెండు గ్రామాలు, పొరుగున ఉన్న జాండ్రపేట, వీరరాఘవపేటలు కలిసి ఒక యూనియనుగా ఉండేవి. ఏడాదికి ప్రజలు చెల్లించే పన్ను సుమారు 4 వేల రూపాయలు.

1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి పురపాలక సంఘంగా మార్చింది. దానితో పన్నుల మొత్తం సుమారు 40 వేల రూపాయలకు పెరిగింది. ఊరి జనాభా పదిహేను వేలు. పదింతలైన పన్ను మోయడం తమ వల్ల కాదని, పట్టణ హోదా తమకు అక్కరలేదని ప్రజలు అర్జీలపై అర్జీలు పెట్టుకొన్నారు. ఫలితం లేకపోయింది. పురపాలక సంఘ సభ్యులు రాజీనామా ఇచ్చారు. ప్రభుత్వం జీతగాడైన అధ్యక్షుణ్ణి నియమించి సంఘాన్ని నడిపించసాగింది. స్వపరిపాలన పేరిట ఏర్పడిన సంస్థలో పాలితులకు చోటు లేకుండాపోయింది. ప్రజలు పన్ను కట్టడం మానివేశారు.

1921 జనవరిలో పన్ను చెల్లించనందుకు పన్నెండుమందికి కారాగార శిక్ష పడింది. వారిలో ఒక స్త్రీ ఉన్నది. ఆమె పేరు రావూరి అలమేలమ్మ. రాజకీయ కారణంగా చెరసాలకు వెళ్లిన తొలి భారతీయ మహిళలలో ఆమెను ఒకరిగా పేర్కొంటారు. ఆమె చెర ఊరివారి పట్టుదలను మరింత పెంచింది.

నాటి మద్రాసు ప్రభుత్వంలో స్థానిక స్వపరిపాలన శాఖను నిర్వహించిన మంత్రి పానగల్లు రాజా రామరాయణింగారు. ఆయన జస్టిస్ పార్టీ నాయకుడు, తెలుగువాడు. పురపాలక సంఘాన్ని రద్దు చేయడానికి ప్రభుత్వం అంగీకరించలేదు. ప్రజలు లొంగలేదు. ఇరుపక్షాల మధ్య పట్టుదల ముదిరింది.

గాంధీజీ సూచన – మహాప్రస్థానం

విజయవాడ సమావేశాలు ముగిసిన తరువాత 1921 ఏప్రిల్ 6వ తేదీన గాంధీజీ చీరాలను సందర్శించారు. గోపాలకృష్ణయ్య సమస్యను ఆయన ముందుంచి సలహా అర్థించారు. గాంధీజీ రెండు మార్గాలు సూచించారు. అహింసను విడువకుండా పన్ను నిరాకరణను కొనసాగించి, వచ్చే శిక్షలను సహించడం మొదటిది. పురపాలక సంఘపు పొలిమేరలను విడిచి ఊరివారంతా వెలుపలికి తరలిపోవడం రెండవది. ఏది ఎన్నుకొన్నా ఆ బాధ్యత ఊరివారిదే గాని కాంగ్రెసుది కాదని కూడ ఆయన స్పష్టం చేశారు.

గోపాలకృష్ణయ్య, చీరాల ప్రజలు రెండవ మార్గాన్ని ఎన్నుకొన్నారు. ఇందులో ఒక తర్కం ఉన్నది. పురపాలక సంఘపు అధికారం దాని సరిహద్దుల వరకే. ఆ హద్దులలో మనుషులే లేకపోతే పన్ను ఎవరిని అడగాలి? దండించాలన్నా ఎవరిని దండించాలి? హింస తలపెట్టకుండా, ఆజ్ఞను నేరుగా ధిక్కరించకుండా, అధికారాన్ని శూన్యం చేసే ఉపాయం అది. అయితే ఆ ఉపాయానికి చెల్లించవలసిన వెల మాత్రం ప్రజల నిత్యజీవితమే.

ఆ ఏప్రిల్ మాసం చివరి దినాలలో మహాప్రస్థానం ఆరంభమైనది. పిల్లలు, వృద్ధులు, పశువులు, వంటపాత్రలు, మగ్గపు సామగ్రి – సమస్తం బండ్ల మీద, నెత్తుల మీద ఊరి వెలుపలికి తరలింది. జనాభాలో పదమూడు వేలకు పైగా ఊరు విడిచారు. పొలిమేరలకు ఆవల వెదుళ్లతో, తాటాకులతో పాకలు లేచాయి. ఆ నూతన నివాసానికి రామనగర్ అని పేరుపెట్టారు. పద్నాలుగేండ్లు అడవులలో ఉన్న రాముని తలచుకొంటే తమ కష్టం పెద్దది కాదన్న ధైర్యం ఆ పేరులో ఉన్నది.

రామనగర్ జీవితం

అది రోహిణి ఎండలు కాచే కాలం. ఇసుకనేల నిప్పులు చెరిగేది. నిప్పురవ్వ పడితే తాటాకు పాకలు భస్మమయ్యే భయం వెన్నాడేది. వేసవి గడిచి వానలు పట్టిన తరువాత మరొక విధమైన ఇబ్బంది. చేనేత కార్మికుడు నేసేది గుంటమగ్గం. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టి కూర్చొని తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేయాలి. పాకలో వాననీరు నిలిస్తే గుంట నిండి మగ్గం ఆగిపోతుంది. పడుగుకు గంజి పెట్టి ఆరబెట్టడానికి వీధి పొడుగునా పొడినేల, ఎండ కావాలి. ముసురు పట్టిన రోజున ఆ పని సాగదు. మగ్గం ఆగిన ఇంట పొయ్యి వెలగదు. పన్ను ఎగవేసి సుఖపడదామని వారు ఊరు విడువలేదు. పన్ను కట్టి ఊళ్లో ఉంటే కలిగే నష్టం కంటె, విడిచి వెళ్లడం వల్ల కలిగిన నష్టమే వారికి ఎక్కువ.

అయినా వారిని నెలల తరబడి నిలిపినది నాయకునిపై విశ్వాసం. గోపాలకృష్ణయ్య వారి మధ్యనే మసలారు. ఊరివారి తగవులు ఊరివారే తీర్చుకొనే ఏర్పాటు రామనగర్‌లో జరిగింది. కోర్టుల గడప తొక్కవలసిన అవసరం తగ్గింది. రామదండు సేవకులు కాపలా కాచారు, రోగులకు ఉపచారాలు చేశారు. సాయంకాలం కాగానే భజనలు, హరికథలు, పద్యపఠనం. పగలంతా కష్టపడి నలిగినవారు రాత్రి ఆయన పాట విని, ఆయన చమత్కారానికి నవ్వుకొని, మరునాటికి బలం కూడదీసుకొనేవారు. ఒకప్పుడు నాట్యశాస్త్రాన్ని పరదేశీయులకు వివరించిన విద్వాంసుడు ఆ కళనే ఆకలిగొన్న జనానికి ఆలంబనగా మలిచారు. ఆ సంవత్సరమే గుంటూరు ప్రజలు ఆయనను ఆంధ్రరత్న బిరుదంతో సత్కరించారు.

ఉద్యమ విరామం

వేలమందిని పోషించడానికి ధాన్యం కావాలి, ధనం కావాలి. విరాళాల కోసం గోపాలకృష్ణయ్య ఊరూరా తిరిగారు. 1921 శరత్కాలంలో ఆయన నాటి గంజాం జిల్లాలోని బరంపురం వెళ్లారు. సభలలో ప్రసంగించరాదని అధికారులు నిషేధాజ్ఞ విధించారు. ఆయన దానిని ఉల్లంఘించి ప్రసంగించారు. ఫలితంగా ఏడాది కారాగారశిక్ష విధించి తిరుచిరాపల్లి జైలుకు పంపించారు.

నాయకుడు చెరసాలలో ఉండగా రామనగర్‌కు కష్టాలు ముసురుకొన్నాయి. విరాళాలు సన్నగిల్లాయి. చేతిలో ఉన్న కొద్దిపాటి సొమ్ము కరిగిపోయింది. జీవనోపాధి దెబ్బతిన్నది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా హింసాకాండ కారణంగా గాంధీజీ సహాయనిరాకరణోద్యమాన్ని నిలిపివేశారు. దేశమంతటా ఉద్యమం చల్లబడింది. దాదాపు 11 నెలలు పాకలలో గడిపిన ప్రజలు ఒక్కొక్క కుటుంబంగా పాత ఇండ్లకు తిరిగివచ్చారు. పురపాలక సంఘం నిలిచింది. పన్ను కట్టక తప్పలేదు.

గ్లాస్గోలో గెలుపు, చీరాలలో ఓటమి ఎందుకు కలిగాయన్న ప్రశ్న చరిత్ర విద్యార్థికి సహజంగా కలుగుతుంది. గ్లాస్గో గృహిణులు తమ ఇండ్లలోనే ఉండి ఎదిరించారు. వారి వెనుక యుద్ధనౌకలు నిర్మించే కార్మికులు నిలిచారు. వారు పని మానివేస్తే యుద్ధమే కుంటుపడుతుంది. కనుక ప్రభుత్వం కొద్ది వారాలలోనే తలవంచింది. చీరాల నేతగాళ్లకు అటువంటి అండ లేదు. వారు మగ్గం ఆపితే నష్టపోయేది వారే గాని సర్కారు కాదు. ప్రభుత్వం చేయవలసినదల్లా కాలం గడిచేదాకా వేచి ఉండడమే. కాలం ధనవంతునికి మిత్రుడు, పేదవానికి శత్రువు. పైగా గ్లాస్గో స్త్రీలు తమ దేశపు ప్రభుత్వంతో పోరాడారు. చీరాల ప్రజలు ఎదిరించినది పరాయి సామ్రాజ్యాన్ని.

అంతమాత్రాన ఆ త్యాగం వ్యర్థమైనదని అనుకోరాదు. వేలాది జనం ఏడాదికి దగ్గరగా, హింసకు పాల్పడకుండా, అన్ని కులాలవారు ఒకచోట నివసిస్తూ, తమ వ్యవహారాలు తామే చక్కబెట్టుకొన్నారు. స్వరాజ్యమనే మాటకు అర్థమేమిటో ఉపన్యాసాల ద్వారా విన్నవారు ఎందరో ఉండవచ్చు. దానిని పాకలలో బ్రతికి చూపినవారు రామనగర్ ప్రజలు. 1922 ప్రారంభంలో గుంటూరు జిల్లాలోని పెదనందిపాడు ప్రాంతపు రైతులు పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వాన శిస్తు నిరాకరణకు పూనుకొన్నప్పుడు వారి కళ్లెదుట చీరాల ఉదాహరణ ఉన్నది.

చివరి రోజులు

కారాగారవాసం ముగించుకొని వచ్చిన గోపాలకృష్ణయ్య తిరిగి ప్రజాసేవలో నిమగ్నులయ్యారు. సాధన అనే పత్రికను కొంతకాలం నడిపారు. శాసనసభలలో ప్రవేశించి ప్రభుత్వాన్ని ఎదిరించాలని వాదించిన స్వరాజ్య పక్షాన్ని 1923 అనంతరం సమర్థించారు. తనకు తోచిన సత్యం కోసం ఎంతటివారితోనైనా విభేదించే స్వభావం ఆయనను విడువలేదు. ఆ స్వభావం వల్ల మిత్రులు కొందరు దూరమైనా, ఆయన నిజాయితీని శంకించినవారు లేరు.

ధనార్జనకు అవకాశాలు ఉండీ ఆయన సంపాదించలేదు. చేతికి వచ్చినది ఉద్యమానికి, అతిథులకు, సేవకులకు ఖర్చయింది. భార్య దుర్గాభవానమ్మ ఆ లేమిలో ఆయనతో కష్టసుఖాలు పంచుకొన్నారు. చివరకు క్షయవ్యాధి ఆయనను లొంగదీసింది. సరైన పోషణ, విశ్రాంతి ఆ వ్యాధికి అత్యవసరం. ఆయనకు ఆ రెండూ కరవయ్యాయి. 1928 జూన్ 10వ తేదీన, 39 ఏండ్లు నిండిన ఎనిమిది రోజులకే గోపాలకృష్ణయ్య పరమపదించారు. ఆయన పేరిట విజయవాడలో వెలసిన ఆంధ్రరత్న భవనం ఆంధ్ర కాంగ్రెసు కార్యాలయంగా ప్రసిద్ధి పొందింది. నాడు గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలో ఉన్న చీరాల, 1970లో ప్రకాశం జిల్లాలో భాగమై, 2022లో కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది.

విద్య మనిషిని తన జనం నుండి దూరం చేసే సందర్భాలు లోకంలో తరచుగా కనిపిస్తాయి. గోపాలకృష్ణయ్య విషయంలో అది జరుగలేదు. ఎడింబరోలో నేర్చిన అర్థశాస్త్రంతో ఆయన పేదవాని పన్ను లెక్క చూశారు. పూర్వుల నుండి అందిన పాటతో ఆ పేదవానికి ధైర్యం నూరిపోశారు. ఆ సాహసానికి చెల్లించవలసిన వెలలో తన వంతును ఆయన ఇతరుల మీదికి నెట్టలేదు. ప్రజలు పాకలలో ఉన్నప్పుడు ఆయన చెరసాలలో ఉన్నారు. వారు పేదలుగా మిగిలినప్పుడు ఆయనా పేదగానే మరణించారు. జయాపజయాలు కాలాధీనాలు. నమ్మి వెంట నడిచిన ప్రజలకు నాయకుడు ఎంతవరకు తోడు నిలిచాడన్నదే అతని వ్యక్తిత్వానికి అసలైన కొలమానం. ఆ కొలమానంతో చూసినప్పుడు ఆంధ్రరత్న అన్న బిరుదం గోపాలకృష్ణయ్యకు అక్షరాలా తగినది.

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చీరాల–పేరాల ఉద్యమానికి దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. రామనగర్‌లో ప్రజలు అనుభవించిన కష్టాలను, వాటిని వారు ఎదుర్కొన్న తీరును వర్ణించండి.
3. గ్లాస్గో అద్దె నిరాకరణ, చీరాల పన్ను నిరాకరణ – ఈ రెండింటి ఫలితాలు భిన్నంగా ఉండడానికి కారణాలను పరిశీలించండి.

ఆ) కింది ప్రశ్నలకు నాలుగు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రామదండు ఆశయాలేమిటి?
2. అభినయదర్పణం అనువాద విశిష్టతను తెలపండి.
3. గాంధీజీ చీరాల ప్రజలకు సూచించిన రెండు మార్గాలేవి?
4. రావూరి అలమేలమ్మ ఎందువల్ల స్మరణీయురాలు?